సింగరేణి నేలలో సైకిల్ యాత్ర: వరంగల్ నుంచి బెల్లంపల్లి దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

దారి ఎటు నుంచి ఎటు? ఎన్ని కిలోమీటర్లు?

సింగరేణి బొగ్గు గనుల ప్రాంతం గుండా పోయే ఈ దారి వరంగల్‌లో బయలుదేరి ములుగు, రామప్ప, గణపురం, భూపాలపల్లి, కాటారం, మంథని, గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి మీదుగా బెల్లంపల్లి చేరుతుంది. మొత్తం సుమారు 240 కి.మీ. నాలుగు రోజులు పెట్టుకుంటే హాయిగా సాగుతుంది. మూడు రోజుల్లోనూ అవుతుంది కానీ రామప్ప దగ్గరో గోదావరి ఒడ్డునో కాసేపు కూర్చునే తీరిక ఉండదు. అందుకే నాలుగు రోజులే చెబుతాం.

బెల్లంపల్లిలో రైల్వే స్టేషన్ ఉంది. కాజీపేట–బల్లార్షా లైను మీదే కాబట్టి తిరుగు ప్రయాణం రైల్లో చేయొచ్చు. వరంగల్ సముద్రమట్టానికి 260 మీటర్ల పైన ఉంటుంది, మంచిర్యాల 150 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది. అంటే పోయేటప్పుడు మొత్తం మీద దిగుడే. ఇదే దారిని తిరగేసి తొక్కితే ఎక్కుడు తెలియకుండానే కాళ్లు పీకుతాయి. మొదటిసారి వచ్చేవాళ్లు వరంగల్ నుంచే మొదలుపెట్టండి.

దారిలో కనబడే బొగ్గు గనులన్నీ మూతపడ్డవేనా?

కావు. ఈ యాత్రకు సంబంధించి అన్నిటికన్నా ముందు అర్థం చేసుకోవలసింది ఇదే. ఇక్కడ మూతపడ్డ గని, నడుస్తున్న గని పక్కపక్కనే ఉంటాయి. ఒక ఊళ్లో భూగర్భ గని మూసేసి ఏళ్లు గడిచి ఉంటాయి. దాని వెనకే ఓపెన్‌కాస్ట్‌లో డంపర్లు తిరుగుతుంటాయి. ఓపెన్‌కాస్ట్ అంటే నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయి బొగ్గు తీసే గని.

1871లో ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టింది భూగర్భ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్. అక్కడ తవ్వకం 1889లో మొదలైంది. సింగరేణి కాలరీస్ అన్న పేరుతో కంపెనీ 1920లో ఏర్పడింది. తవ్వకం 1920ల చివర్లో బెల్లంపల్లి వైపు, 1961లో రామగుండం వైపు వచ్చింది. 1975 నుంచి యంత్రాలతో ఓపెన్‌కాస్టులు మొదలయ్యాక భూగర్భ గనులు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చాయి. బెల్లంపల్లి పట్టణంలో బాయిలు (గనులు) మూతపడి, బెల్లంపల్లి ఏరియా జనరల్ మేనేజర్ (జీఎం) ఆఫీసు గోలేటికి పోయింది. గోదావరిఖనిలో ‘8 ఇంక్లైన్ కాలనీ’, ‘5 ఇంక్లైన్’ లాంటివి ఇప్పుడు ఊరి పేర్లుగానే నిలిచాయి. ఇంక్లైన్ అంటే భూగర్భ గనిలోకి ఏటవాలుగా దిగే దారి.

సైకిల్ తొక్కేవాళ్లకు దీనివల్ల వచ్చే తేడా ఏమిటంటే, దారి ఎంచుకునేటప్పుడు దూరం కన్నా లారీలను, షిఫ్టు వేళలను ముందు చూసుకోవాలి. ఐదు కిలోమీటర్లు చుట్టయినా కాలనీ రోడ్డు, చెరువు కట్ట పక్క రోడ్డు, ఊళ్ల మధ్య రోడ్డు పట్టుకోండి. బొగ్గు టిప్పర్లు నడిచే దగ్గరి దారి వద్దు.

రోజువారీగా ఎలా విడగొట్టుకోవాలి?

మొదటి రోజు వరంగల్ నుంచి ములుగు మీదుగా రామప్ప, సుమారు 70 కి.మీ. ములుగు దాకా జాతీయ రహదారి 163. గుడెప్పాడ్ క్రాస్ దాటే దాకా రద్దీ ఎక్కువ కాబట్టి తెల్లారేసరికి నగరం దాటేయండి. ములుగు దాటాక పాలంపేట వైపు తిరిగితే రోడ్డు సన్నబడుతుంది, వరిపొలాలు మొదలవుతాయి. 1213లో కట్టిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చెరువు దగ్గర పర్యాటక శాఖ హరిత కాటేజీలు ఉన్నాయి. శని, ఆదివారాలైతే ముందే బుక్ చేసుకోవాలి.

రెండో రోజు రామప్ప–గణపురం–భూపాలపల్లి. ముప్పై కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే, కావాలనే తక్కువ పెట్టాం. గణపురంలో కాకతీయుల నాటి కోటగుళ్లు తీరిగ్గా చూడండి. శిథిలమైన గుడి అయినా రాతి పని దగ్గరగా చూడాలంటే రామప్ప కన్నా ఇక్కడే వీలు ఎక్కువ, జనం తక్కువ. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ పవర్ ప్లాంటు పొగ గొట్టాలు కనబడగానే బూడిద లారీలు మొదలవుతాయని గుర్తు. అక్కడి నుంచి భూపాలపల్లి దాకా రోడ్డు అంచు వదలొద్దు.

మూడో రోజు అన్నిటికన్నా పెద్దది. భూపాలపల్లి–కాటారం–మంథని–గోదావరిఖని, సుమారు 95 కి.మీ. కాటారం దాకా అడవి దారి. కాటారం, మంథనిల మధ్య మానేరు వంతెన వస్తుంది. మంథని నుంచి సెంటినరీ కాలనీ మీదుగా గోదావరిఖని చేరండి. మంథనికి మధ్యాహ్నం ఒంటిగంట లోపు చేరలేకపోతే అక్కడే ఆగిపోవడం మంచిది, ఎందుకంటే చివరి 35 కిలోమీటర్లు గనుల మధ్య సాగుతాయి, చీకట్లో తొక్కదగ్గ రోడ్డు కాదు.

నాలుగో రోజు గోదావరిఖని నుంచి గోదావరి (ఇక్కడివాళ్లకు గంగ) వంతెన దాటి ఇందారం, శ్రీరాంపూర్, మంచిర్యాల, రామకృష్ణాపూర్, మందమర్రి, బెల్లంపల్లి. సుమారు 45 కి.మీ. మంచిర్యాల దాటాక నాలుగు వరుసల హైవే 363 ఎక్కకుండా క్యాతన్‌పల్లి, రామకృష్ణాపూర్ మీదుగా మందమర్రి పోతే పాత సింగరేణి క్వార్టర్ల వరుసలు, వేపచెట్ల నీడ, కాలనీ మార్కెట్లు దారి పొడుగునా ఉంటాయి. యాత్ర మొత్తంలో తొక్కడానికి బాగుండే ముక్క ఇదే.

కాళేశ్వరం కలుపుకోవచ్చా?

కలుపుకోవచ్చు. కాటారం నుంచి మహదేవపూర్ మీదుగా పోయి రావడానికి ఒక రోజు అదనం. అక్కడ బసకు హరిత హోటల్, సత్రాలు ఉన్నాయి. ఇసుక లారీలు ఎక్కువ తిరిగే దారి ఇది, కాబట్టి పొద్దున్నే పోవాలి. గోదావరి మీది బ్యారేజీల మీదుగా అవతలి ఒడ్డుకు దాటుదామన్న లెక్క మాత్రం పెట్టుకోవద్దు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. మ్యాపులో గీత కనబడినంత మాత్రాన దారి తెరిచి ఉంటుందని అనుకోలేం.

ఏ నెలల్లో రావాలి?

నవంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున చలి బాగా ఉంటుంది, చేతి తొడుగులు తెచ్చుకోండి. పొగమంచులో బూడిద లారీ వెనక లైటు కూడా కనబడదు. పొగమంచు పట్టిన రోజు అది విడిపోయే దాకా, అంటే 7:30 ప్రాంతం దాకా, హైవే ఎక్కకండి.

మే నెలలో రామగుండం ప్రాంతం రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి, 45 డిగ్రీలు దాటుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా రావొద్దని గట్టిగా చెబుతాం.

వానాకాలంలో అడవి చాలా బాగుంటుంది, రోడ్డే బాగుండదు. బొగ్గు పొడి పరుచుకున్న తారు మీద తొలి జల్లు పడిన అరగంట సైకిల్‌కు అన్నిటికన్నా ప్రమాదకరమైన సమయం. పొడి నీటితో కలిసి జిగట పొరగా మారుతుంది, ముందు బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది. వాన మొదలవగానే ఎక్కడైనా ఆగి, రోడ్డు కడుక్కుపోయే దాకా కూర్చోండి.

మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. ఆ వారం, దానికి ముందు రెండు వారాలు ములుగు దారి పట్టొద్దు. వరంగల్–పరకాల–రేగొండ మీదుగా నేరుగా భూపాలపల్లి పోండి, సుమారు 67 కి.మీ. అవుతుంది. ఈ దారిలో రేగొండ దగ్గర పాండవుల గుట్టల మీద ఆదిమానవుల రంగు బొమ్మలున్నాయి.

ఎలాంటి సైకిల్ కావాలి?

హైబ్రిడ్ సైకిల్ అన్నిటికన్నా నయం. ఎంటీబీ (మౌంటెన్ బైక్) ఉంటే గుబ్బల టైర్లు తీసి నున్నటివి వేసుకోండి. సన్నటి 25 మి.మీ. టైర్ల రోడ్ బైకు తేవద్దు. టిప్పర్లు నలగ్గొట్టిన రోడ్డు అంచులో తారు పెచ్చులు లేచి ఉంటాయి, రిమ్ము తగిలి ట్యూబు రెండు చోట్ల చిల్లు పడుతుంది.

టైరు వెడల్పు 35 నుంచి 42 మి.మీ. మధ్య ఉండాలి. 75–80 కిలోల మనిషి, 10–12 కిలోల సామాను ఉంటే 40 మి.మీ. టైరులో ముందు 45, వెనక 55 పీఎస్ఐ గాలి సరిపోతుంది. సామాను వీపున మోయకండి, వెనక క్యారియర్‌కు రెండు పక్కలా సంచులు కట్టండి. చెమటకు వీపు ఒరుసుకుపోవడం వల్లే చాలామంది రెండో రోజు మానేస్తారు. గేర్లు లేని సాదా సైకిలు మీద కూడా ఈ దారి తొక్కొచ్చు, రోజుకు 50 కి.మీ. మించకుండా ఐదారు రోజులు పెట్టుకోవాలి అంతే.

పంక్చర్లు ఎందుకు అంత ఎక్కువ?

కారణాలు రెండు. పాడుబడ్డ గనుల చుట్టూ, మట్టి కుప్పల మీద సర్కారు తుమ్మ విపరీతంగా పెరిగింది. కొట్టి పడేసిన కంపల ముళ్లు రోడ్డు అంచుకు వస్తాయి. రెండోది, పేలిన లారీ టైర్లలోంచి రాలే సన్నటి ఉక్కు తీగ. వెంట్రుకంత ఉంటుంది, కంటికి ఆనదు, ట్యూబు మార్చినా అరగంటలో మళ్లీ గాలి పోతుంది. అందుకే ట్యూబు మార్చే ముందు ఈ వరుస తప్పొద్దు.

టైరు మీద వాల్వు ఎదురుగా సుద్దతో గుర్తు పెట్టండి. ట్యూబు తీసి గాలి కొట్టి చిల్లు ఎక్కడుందో చూడండి. వాల్వు నుంచి ఆ దూరాన్ని టైరు మీద కొలిస్తే తీగ ఉండే చోటు దొరుకుతుంది. చిన్న దూది ఉండను టైరు లోపల నెమ్మదిగా రుద్దండి, తీగ ఉన్న చోట దూది పట్టుకుంటుంది. వేలితో తడమొద్దు, గుచ్చుకుంటుంది. కనుబొమ్మలు తీసే చిన్న పట్టకారుతో బయటికి లాగండి. ఆ పట్టకారు మీ సామానులో తప్పకుండా ఉండాలి.

దారిలో ట్యూబులు, రిపేరు దొరుకుతాయా?

సైకిల్ షాపులు ప్రతి మండల కేంద్రంలో ఉన్నాయి. అయితే వాటిలో దొరికేవి ఎక్కువగా సాదా సైకిళ్ల 28×1½, పిల్లల సైకిళ్ల 26, 20 అంగుళాల ట్యూబులు. హైబ్రిడ్ సైకిళ్లకు పట్టే 700సి ట్యూబు వరంగల్‌లోనే కొనుక్కోవాలి, మధ్యలో దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు. అవసరానికి 28×1½ ట్యూబును 700×38 టైరులో సర్దొచ్చు. ఒక చిక్కు ఏమిటంటే దాని వాల్వు లావుగా ఉంటుంది, సన్న వాల్వు రిమ్ము రంధ్రంలో పట్టదు. మీ రిమ్ము రంధ్రం ఏదో బయలుదేరకముందే చూసుకోండి. సన్న వాల్వు అయితే ఇత్తడి అడాప్టరు ఒకటి జేబులో ఉంటే ఏ పంక్చర్ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు.

వెంట ఉండవలసినవి: రెండు ట్యూబులు, అతుకులు, సొల్యూషన్, టైరు లివర్లు మూడు, గాలి పంపు, చైను లింకు రెండు, బ్రేకు ప్యాడ్లు ఒక జత, వెనక చక్రానికి సరిపోయే చువ్వలు రెండు, పాత టైరు ముక్క. టైరు పక్క చీరితే లోపల ఆ ముక్క పెట్టి ఊరు చేరొచ్చు.

బొగ్గు దుమ్ము చైనును ఏం చేస్తుంది? ఎలా కాపాడుకోవాలి?

నూనె ఎక్కువైన చైనుకు బొగ్గు పొడి అంటుకుని సాన పట్టే ముద్దలా మారుతుంది, పిన్నులను, పళ్లను అరగదీస్తుంది. దుమ్ము కనబడింది కదా అని పైనుంచి ఇంకా నూనె పోయడమే అందరూ చేసే పొరపాటు.

ప్రతి సాయంత్రం పొడి గుడ్డతో చైను పట్టుకుని పెడలును వెనక్కి ఇరవై ముప్పై చుట్లు తిప్పండి. పాత టూత్‌బ్రష్‌తో గేరు దగ్గరి చిన్న చక్రాలు గీకండి. గోదావరిఖని చేరాక ఒకసారి కిరోసిన్ తడి గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, ఒక్కో లింకు రోలరు మీద ఒక్కో చుక్క నూనె వేయండి. పది నిమిషాలు ఆగి బయట మిగిలినదంతా తుడిచేయండి. నూనె లోపల ఉండాలి, పైన చెయ్యి పెడితే అంటకూడదు. మైనం కలిపిన పొడి రకం నూనె దొరికితే ఇంకా మంచిది.

రిమ్ము బ్రేకులైతే ప్యాడ్లలో నల్లటి ఇసుక గింజలు ఇరుక్కుంటాయి. కీచుమని చప్పుడు వస్తే వెంటనే ఆగి సూదితో తీసేయండి, లేదంటే రిమ్ము గీతలు పడుతుంది.

లారీల రద్దీ ఏ వేళల్లో? షిఫ్టుల సంగతేమిటి?

షిఫ్టులు మారేది ఉదయం 7, మధ్యాహ్నం 3, రాత్రి 11 ప్రాంతాల్లో. వాటికి అరగంట ముందు, అరగంట తర్వాత గని దారుల్లో బైకులు, బస్సులు వరుసగా వస్తాయి. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోయేవాళ్లు నిద్ర మత్తులో బండి నడుపుతుంటారని గుర్తుంచుకుని 7–8 మధ్య జాగ్రత్తగా ఉండండి. సింగరేణి పట్టణాల్లో మొదటి షిఫ్టు వాళ్ల కోసం టిఫిన్ బండ్లు తెల్లవారకముందే తెరుస్తారు. ఇది మీకు కలిసొచ్చే సంగతి. 6 గంటలకే తినేసి, బైకుల కన్నా ముందే ఊరు దాటొచ్చు.

బొగ్గును రైలు వ్యాగన్లలో నింపే సైడింగుల దగ్గర రైలు పట్టాలు రోడ్డును ఏటవాలుగా దాటుతాయి. చక్రం పట్టాల సందులో పడకుండా సైకిల్‌ను పట్టాలకు అడ్డంగా తిప్పి దాటండి. తడిగా ఉంటే దిగి నడిపించండి.

మట్టి కుప్పలు ఎక్కొచ్చా? మూసిన గనుల దగ్గరికి పోవచ్చా?

వద్దు. అడవి గుట్టల్లా పచ్చగా కనబడే ఆ కుప్పలు ఓపెన్‌కాస్ట్ నుంచి తీసి పోసిన మట్టి, రాయి. వానకు లోపల సొరంగాలు పడతాయి, పైపొర మాత్రం గట్టిగా కనబడుతుంది. కొన్ని చోట్ల మట్టిలో కలిసిన బొగ్గు గాలి తగిలి తనంతట తాను వేడెక్కి రాజుకుంటుంది. పొగ కనబడకపోయినా ఘాటు వాసన వస్తే అక్కడ కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు. వెనక్కి వచ్చేయండి.

భూగర్భ గని మీది నేల కథ వేరు. బొగ్గు తీస్తూ వదిలిన స్తంభాలను కూడా చివర్లో తీసేసినప్పుడు పైకప్పు కూలుతుంది, దాంతో పైన నేల కుంగి పగుళ్లు వస్తాయి. లోపల ఇసుక నింపిన చోట కుంగుడు తక్కువ. ముళ్ల తీగ వేసిన బీడు, బోర్డు పాతిన పొలం కనబడితే అడ్డదారి పట్టొద్దు. పగులు మీద గడ్డి మొలిచి ఉంటే చక్రం దిగబడే దాకా తెలియదు. మూసిన ఇంక్లైన్ లోపలికి తొంగి కూడా చూడకండి. గాలి ఆడని చోట ప్రాణవాయువు తగ్గిపోయి ఉంటుంది, రెండు మూడు ఊపిర్లకే మనిషి పడిపోవచ్చు.

నీళ్లు నిండిన పాత ఓపెన్‌కాస్ట్ గుంతలు నీలంగా, అందంగా ఉంటాయి. వాటికి చెరువులా మెల్లగా లోతయ్యే ఒడ్డు ఉండదు. అంచు దాటితే నిలువు లోతే. ఈతకు దిగకండి.

నడుస్తున్న గని లోపలికి ఏరియా జీఎం ఆఫీసు అనుమతి లేకుండా ప్రవేశం లేదు. గేటు దగ్గర ఫోటోలు తీయొద్దు. బ్లాస్టింగ్ వేళ సైరన్ మోగుతుంది, ఎర్ర జెండాలు పట్టుకుని మనుషులు రోడ్డు ఆపుతారు. 500 మీటర్ల దాకా ప్రమాద పరిధి. ఆపిన చోటే ఆగండి, బతిమాలి ముందుకు పోవద్దు.

అడవి జంతువులు?

భూపాలపల్లి–కాటారం అడవిలో ఎలుగుబంట్లు ఉన్నాయి. ఫిబ్రవరి చివరి నుంచి ఇప్ప పువ్వు రాలే కాలంలో తెల్లవారుజామున చెట్ల కింద మేస్తుంటాయి. తెల్లగా తెల్లారాకే అడవిలోకి దిగండి, సాయంత్రం 5 లోపు బయటపడండి, ఇద్దరు ముగ్గురు కలిసి తొక్కండి. బెల్లంపల్లి దాటి ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ వైపు అడవుల్లో పులి తిరుగుతుంది. అందుకే ఈ దారిని బెల్లంపల్లి దగ్గర ఆపాం.

కుక్కలు వెంటబడితే సైకిల్ దిగి, దాన్ని మధ్యలో అడ్డం పెట్టుకుని నడవండి. చాలావరకు ఊరుకుంటాయి.

నీళ్లు, తిండి?

చలికాలంలో గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, ఎండ ముదిరితే లీటరు. కాటారం అడవి దారికి మూడు లీటర్లు నింపుకుని బయలుదేరండి. గని ప్రాంతపు పాత బోర్ల నీళ్లు తాగకండి, ఊళ్లో ఫిల్టర్ నీళ్ల ప్లాంటులో పట్టుకోండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రోజుకు రెండు.

తిండికి లోటు లేదు. ఉదయం ఇడ్లీ, వడ. మధ్యాహ్నం మెస్ భోజనం. సాయంత్రం సర్వపిండి, ఉడకబెట్టిన మక్కకంకులు. దూరం తొక్కే రోజు మధ్యాహ్నం కడుపు నిండా మటన్ తిని బయలుదేరవద్దు.

ఒంటరిగా రావచ్చా? ఏదైనా జరిగితే?

మంథని తర్వాత అన్నీ ఊళ్లే కాబట్టి అక్కడి నుంచి పరవాలేదు. కాటారం అడవిలో ఫోన్ సిగ్నల్ మధ్యమధ్యలో పోతుంది, అది ఒంటరిగా వద్దు. మ్యాపు ముందే ఫోన్‌లోకి దింపుకోండి. ఆధార్ నకలు దగ్గర పెట్టుకోండి, ఆ వైపు పోలీసు తనిఖీలు మామూలే. అంబులెన్స్ 108, పోలీసు 112. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు భూపాలపల్లి, గోదావరిఖని, మంచిర్యాలలో ఉన్నాయి. సింగరేణి ఆసుపత్రులు ప్రధానంగా ఉద్యోగుల కోసం.

మొదట బొగ్గు దొరికిన ఇల్లందు చూడాలంటే?

అది వేరే యాత్ర. వరంగల్–నర్సంపేట–మహబూబాబాద్–బయ్యారం–ఇల్లందు–కొత్తగూడెం, మూడు రోజులు. తిరుగు రైలు కొత్తగూడెంలో ఎక్కాలి. ఆ స్టేషన్ పేరు భద్రాచలం రోడ్ అని ఉంటుంది, వెతికేటప్పుడు తికమక పడొద్దు.

బెల్లంపల్లి నుంచి సైకిల్‌ను రైల్లో ఎలా తేవాలి?

రైలు చిన్న స్టేషన్‌లో రెండు నిమిషాలే ఆగుతుంది, ఆ కాసేపట్లో సైకిల్ పార్సిల్ బోగీలోకి ఎక్కించడం కష్టం. సైకిల్‌ను బుక్ చేసి పంపాలనుకుంటే మంచిర్యాల పార్సిల్ ఆఫీసులో ముందు రోజే అడిగి పెట్టుకోండి. టికెట్, గుర్తింపు కార్డు నకళ్లతో రైలుకు కనీసం గంటన్నర ముందు చేరండి. పేరు, ఫోన్ నంబరు, దిగే స్టేషన్ రాసిన అట్టముక్కను ఫ్రేముకు రెండు చోట్ల కట్టండి. పంపు, లైటు, నీళ్ల సీసా విప్పి చేతిలో పెట్టుకోండి, సైకిల్‌తో పంపితే అవి తిరిగి దొరకడం అనుమానమే. పెడళ్లు విప్పి, హ్యాండిల్ పక్కకు తిప్పి కడితే పక్క సామానుకు గుచ్చుకోదు. ఎడమ పెడలు మర కుడి వైపు తిప్పితే వదులవుతుందని గుర్తుంచుకోండి, అటు కాకుండా బిగించి మర పాడు చేసుకుంటే రైలు దిగాక ఇంటిదాకా నడిపించుకుంటూ పోవాలి.